ఓడ దాటినవాళ్ళు – 6: ఇంటిపేరుకు గడి లేదు

దక్షిణాఫ్రికాలోని నెటాల్ వెళ్ళిన ఓడ జాబితాలో ఒక మనిషికి దక్కే చోటు ఒక్క వరుస. ఎడమ పక్క నుంచి చదువుకుంటూ పోతే ముందు నంబరు, ఆ తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, ఆడో మగో, కులం, జిల్లా, తాలూకాయో ఠాణాయో, ఊరు, ఒంటి మీద గుర్తులు. డర్బన్‌లో దిగాక ఎవరి చెరకు తోటకు పంపారో కూడా రాసి ఉంటుంది. కొన్ని వరుసల్లో తర్వాతెప్పుడో వేరే సిరాతో చేర్చిన ముక్కలు కనిపిస్తాయి: చనిపోయాడనో, ఇండియా తిరిగి వెళ్ళాడనో.

ఇన్ని గడులు గీసిన గుమస్తా ఇంటిపేరుకు ఒక గడి గీయలేదు.

తెలుగువాడికి ఇంతకంటే పెద్ద ఇబ్బంది లేదు. పెళ్ళి మాటలకు కూర్చుంటే మొదటి ప్రశ్నే ఇంటిపేరు. ఆ పేరు కలిస్తే సంబంధం అక్కడితో ఆగిపోతుంది. ఊళ్ళో ఒకే పేరున్న అప్పలస్వాములు ఆరుగురుంటే ఇంటిపేరు పెట్టి పిలిస్తేనే ఎవరో తెలుస్తుంది. మద్రాసు డిపోలో కూర్చున్న గుమస్తాకు ఆ అవసరం రాలేదు. అతనికి ఆరుగురినీ వేరు చేసేది నంబరు. ఈ వారం కథంతా ఆ నంబరుకీ పోయిన ఇంటిపేరుకీ మధ్య నడుస్తుంది.

పాత సంచికలు అందని వాళ్ళ కోసం రెండు ముక్కలు. చెరకు తోటల పని కోసం నెటాల్‌కు మనవాళ్ళ ప్రయాణం 1860లో మొదలైంది. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 342 మందితో ఆ ఏడాది నవంబరు 16న డర్బన్ చేరింది. 1866లో చక్కెర ధర పడిపోయి ప్రయాణాలు ఆగాయి. 1871లో తిరిగొచ్చిన మొదటి జట్టు తమ కష్టాలు మద్రాసులో ఏకరువు పెట్టడంతో నెటాల్ ప్రభుత్వం 1872లో విచారణ సంఘం వేయాల్సి వచ్చింది. 1874లో మళ్ళీ మొదలైన ఓడలు 1911 దాకా ఆగలేదు. మొత్తం 1,52,184 మంది. వాళ్ళలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రాజధాని నుంచి వెళ్ళినవాళ్ళే. ఆ జిల్లాల్లో మన పాత విశాఖపట్నం జిల్లా కూడా ఉంది.

ఒప్పందం అయిదేళ్ళు. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, తర్వాత ఏడాదికో షిల్లింగు పెంపు, తిండి గింజలు అదనం. సెలవు చీటీ లేనిదే తోట గట్టు దాటకూడదు. ఆ బతుకు గురించి నాలుగో భాగంలో చెప్పుకున్నాం. ఇప్పుడు కాగితాల సంగతి.

ఒక కుటుంబాన్ని పట్టుకుని నడుద్దాం. ఈ కుటుంబం నేను అల్లినది. కాగితాలు మాత్రం నిజంగా ఉన్నవే, దారీ నిజమైనదే. డర్బన్ ఉత్తరాన, చెరకు తీరంలో స్థిరపడిన ఇల్లు అనుకోండి. ఇంట్లో తెలుగు మాట నానమ్మతోనే ఆగిపోయింది. దీపావళి చేస్తారు, ఉగాది చేస్తారు. ఎవరైనా ‘మీదే ఊరు’ అంటే ‘మద్రాస్’ అంటారు, ఓడ ఎక్కింది అక్కడే గనక. అంతకు ముందు సంగతి ఎవరికీ తెలియదు. వెళ్ళిన మనిషిని ముత్తాత అందాం. గరివిడి పక్క మనిషి.

ముత్తాతను వెతకాలంటే మొదలు ముత్తాత దగ్గర పెట్టకూడదు. అందరూ చేసే పొరపాటు అదే. జాబితా తెరిచి పేరు కొట్టి చూస్తే అదే పేరున్నవాళ్ళు వందల్లో తేలతారు. ముందు మీ ఇంటి కాగితాలు తీయాలి: నాన్న పుట్టిన సర్టిఫికెట్టు, తాత పెళ్ళి కాగితం, నానమ్మ మరణ నమోదు. నెటాల్‌లో ఒప్పంద కూలీల వ్యవహారమంతా చూసినవాడు ‘ప్రొటెక్టర్’ అనే అధికారి. కూలీల బాగోగులకంటే అతని కచేరీకి కాగితాల మీదే ఎక్కువ శ్రద్ధ. బిడ్డ పుడితే తల్లిదండ్రుల నంబర్లతో రాసేవారు. పెళ్ళికీ చావుకీ నంబరు ఉండాల్సిందే. అయిదేళ్ళు పూర్తయి చేతికొచ్చే విడుదల చీటీ మీద కూడా అదే నంబరు. మనిషిని పేరు పెట్టి పిలవడం మానేసిన ఆ నంబరే ఇవాళ మునిమనవడిని నేరుగా ఒక ఓడకీ, ఒక తేదీకీ, ఒక వరుసకీ తీసుకుపోతుంది.

ఆ జాబితాల్లోని వరుసల్ని కంప్యూటర్లోకి ఎక్కించే పని డర్బన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయం డాక్యుమెంటేషన్ సెంటర్‌లో జరిగింది. ఇప్పుడు దాని పేరు గాంధీ-లుతూలీ డాక్యుమెంటేషన్ సెంటర్. ఆ జాబితాల ఆధారంగానే చరిత్రకారుడు సురేంద్ర భానా 1902 దాకా వెళ్ళినవాళ్ళ మీద 1991లో ఒక పుస్తకం వేశాడు. ఎవరు ఏ జిల్లా నుంచి, ఏ కులం నుంచి, ఏ వయసులో వెళ్ళారో లెక్క కట్టి చూపిన పని అది.

ఇక్కడ ఒక్కసారి అమెరికా దాకా వెళ్ళి రావాలి. వంశవృక్షాలు గీయడం అక్కడ ఇంటింటి వ్యాపకం. దానికి వాళ్ళకున్న పెద్ద ఆధారం జనాభా లెక్కలు. 1850 నుంచి ప్రతి స్వతంత్ర మనిషి పేరూ ఇంటివారీగా రాశారు. అంతకు ముందు ఇంటి యజమాని పేరు ఒక్కటే ఉండేది. 1880 నుంచి యజమానికి ఎవరు ఏమవుతారో కూడా చేర్చారు: భార్య, కొడుకు, అత్త, పనివాడు. 1890 లెక్కల కాగితాలు మాత్రం 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో దెబ్బతిని, దాదాపు మొత్తం పోయాయి. దాంతో అమెరికా కుటుంబాలన్నిటి కథలోనూ ఆ చోట ఇరవై ఏళ్ళ ఖాళీ ఉంటుంది. అదీ నయమే. బానిసత్వంలో ఉన్న నల్లవాళ్ళకు 1850, 1860 లెక్కల్లో వేరే పట్టికలు పెట్టారు. యజమాని పేరు రాసి, దాని కింద అతని మనుషుల్ని వయసు, ఆడా మగా, ఒంటి రంగు మాత్రమే వేసి లెక్కించారు. పేరు లేదు. విముక్తి తర్వాత 1870 లెక్కల్లో మొదటిసారి వాళ్ళ పేర్లు కనిపిస్తాయి. అందుకే ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాలు వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళి 1870 దగ్గర గోడకు తల కొట్టుకుంటాయి.

బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయ్యాక దాని ఖాళీ పూడ్చడానికి పుట్టిందే ఒప్పంద కూలీ పద్ధతి. రెంటికీ పోలికలు ఎన్నో చెప్పారు, తేడాలూ చెప్పారు. కుటుంబాన్ని వెతికేవాడికి పనికొచ్చే తేడా ఒకటుంది. ఇక్కడ ఒప్పందం అనేది ఒకటి ఉంది గనక దాని మీద పేరుండాలి, పేరు పక్కన తండ్రి పేరుండాలి, ఊరుండాలి. మనిషి ఇష్టపడే వస్తున్నాడని జిల్లా మేజిస్ట్రేటు ముందు నమోదు చేయాలని చట్టం అడిగింది. ఆ ఇష్టం ఎంతవరకు నిజమో వేరే చర్చ. కాగితం మాత్రం పుట్టింది.

సరే, మన ముత్తాత వరుస దొరికింది. పేరు దగ్గర అప్పలస్వామి లాంటిదేదో, తండ్రి దగ్గర పైడయ్య లాంటిదేదో, వయసు 25, జిల్లా విజగపటం, తాలూకా చీపురుపల్లి, ఊరు గరివిడి. గుర్తులు: ఎడమ మోకాలి మీద మచ్చ. చూడగానే పని అయిపోయిందనిపిస్తుంది. అయితే ఒక్కో గడినీ గిల్లి చూడాలి.

వయసు నమ్మొద్దు. ఆ కాలపు జాబితాలు ఏవి తీసినా 20, 25, 30 దగ్గర జనం గుంపులుగా ఉంటారు. 23, 27 ఏళ్ళవాళ్ళు అరుదు. పుట్టిన తేదీ ఎవరికి తెలుసు? గుమస్తా ముఖం చూసి వేసిన అంకె అది. ముసలివాళ్ళను తీసుకోరు గనక నలభై దాటినవాడు ముప్పై అయిదు చెప్పడం మామూలే. దాన్ని పట్టుకుని పుట్టిన సంవత్సరం తేల్చి వంశవృక్షంలో రాసేసుకున్నవాళ్ళు చాలామంది.

కులం గడిని సగమే నమ్మాలి. కాపు, వెలమ, గవర, మాల, గొల్ల అని విశాఖ జిల్లా మనుషుల ఎదురుగా రాసి ఉంటుంది. పొలం పని తెలిసిన కులాలంటే తోటల యజమానులకు మోజు. కూలీల్ని పోగుచేసే మేస్త్రీకి ఆ సంగతి తెలుసు. వెళ్ళేవాడికీ ఊళ్ళో మోసిన కులం ఓడ మీద కూడా మోయాలని ఏముంది? కొందరు మార్చి చెప్పారు. నన్నడిగితే ఆ అబద్ధాన్ని తప్పు పట్టను.

ఊరి గడి దగ్గర ఓపిక కావాలి. మద్రాసు గుమస్తాకు మన ఊళ్ళ పేర్లు కొత్త. విన్నది విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో వేశాడు. ఆ అక్షరాలు త, ట తేడా చెప్పవు. ద, డ తేడా చెప్పవు. దీర్ఘం ఉందో లేదో తెలియదు. గరివిడి గారివిడి అవుతుంది, గరివీడు అవుతుంది, చేతిరాత పాడైతే ఇంకేదో అవుతుంది. పైగా మన వైపు ఊళ్ళ పేర్లలో వలసలూ పేటలూ పాలేలూ ఎన్ని? కొత్తవలస అని ఒక్క మాట ఉంటే ఏ కొత్తవలస? తాలూకా పేరు పక్కన లేకపోతే ఆ వరుస పట్టుకుని ఉత్తరాంధ్ర అంతా తిరగాలి.

జిల్లా గడి మరీ తమాషా. డర్బన్ నుంచి వచ్చిన మునిమనవడు విజగపటం అని చూసి విశాఖపట్నంలో దిగుతాడు. గరివిడి అక్కడ లేదు. చీపురుపల్లి తాలూకా 1950 ఆగస్టు 15న కొత్తగా పుట్టిన శ్రీకాకుళం జిల్లాలోకి వెళ్ళింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. ఊరు కదల్లేదు, మూడు జిల్లాలు మారింది. ఇంకా గమ్మత్తు, ఇప్పుడు శ్రీకాకుళం అని పిలిచే పట్నం, అప్పటి చికాకోల్, ముత్తాత కాలంలో గంజాం జిల్లాది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా అంతే. చీపురుపల్లి మనిషీ, చికాకోల్ పక్క మనిషీ ఒకే సంతకు వెళ్ళేవాళ్ళైనా జాబితాలో ఒకరు విజగపటం, ఒకరు గంజాం. గంజాం అని చూసి ఒడియా వాళ్ళమేమో అనుకున్న తెలుగు కుటుంబం ఉంటే ఆశ్చర్యం లేదు.

ఇన్ని గడులూ ఇలా జారిపోతుంటే గట్టిగా నిలబడేది మనుషుల పేర్లే. ఎవరూ దాచుకోవాలనుకోని గడి అది. ఉత్తరాంధ్రలో పేరు చెబితే గుడి తెలుస్తుంది. అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలమ్మ, సింహాద్రి, సింహాచలం అన్నీ సింహాచలం కొండ మీది స్వామివి. పైడయ్య, పైడిరాజు, పైడమ్మ, పైడితల్లి అంటే విజయనగరం అమ్మవారు. కూర్మయ్య, కూర్మినాయుడు అంటే శ్రీకూర్మం. ముఖలింగం అనే పేరు వంశధార గట్టున శ్రీముఖలింగం చుట్టుపక్కల్నే వినిపిస్తుంది. సన్యాసి, సన్యాసమ్మ, సన్యాసినాయుడు మన ఉత్తరాంధ్ర దాటితే అరుదు. నెల్లూరు మనిషి బిడ్డకు అప్పలస్వామి అని పెట్టడు. చిత్తూరు మనిషి పైడితల్లి అని పిలవడు. జిల్లా గడి చిరిగిపోయినా, ఊరు చదవరాకపోయినా, తండ్రి పైడయ్య, కొడుకు అప్పలస్వామి అని కనిపిస్తే ఆ ఇల్లు సింహాచలానికీ విజయనగరానికీ బండి దూరంలో ఉన్నదని గుండె మీద చెయ్యేసి చెప్పొచ్చు.

ఆ పేర్లే అక్కడ ఇంటిపేర్లయ్యాయి. నెటాల్‌లో పుట్టిన బిడ్డకు తెల్లదొర పద్ధతిలో రెండో పేరు కావాలి. గుమస్తా తండ్రి పేరు పెట్టేశాడు. అలా ఒకచోట అప్పలసామి ఇంటిపేరైంది, ఇంకోచోట సన్యాసి. మారిషస్‌లోనూ ఇదే జరిగింది. పెద్దకొడుకు పుట్టినప్పుడు తండ్రి పేరు వేస్తే, చిన్నవాడి వేళకు తాత పేరు వేసిన ఇళ్ళున్నాయి. ఒకే కడుపున పుట్టినవాళ్ళకు రెండు ఇంటిపేర్లు! కొందరు నాయుడు అని చెప్పుకున్నారు, కులం ఏదైనా. తెలుగువాళ్ళంటే నాయుడు అన్నట్టే అయిపోయింది అక్కడ. అసలు ఇంటిపేరు కొన్ని ఇళ్ళలో పెళ్ళిళ్ళ కోసమని నోటిమాటగా బతికింది. ఏ కాగితం మీదా లేని ఆ ఒక్క మాటను ఏ ముసలమ్మ అయినా గుర్తుపెట్టుకుని ఉంటే వెతుకులాట సగం తగ్గిపోతుంది. అందుకే డర్బన్ నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది, ఆర్కైవ్స్‌కు వెళ్ళే ముందు పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి, వాళ్ళ పెళ్ళప్పుడు అవతలి ఇంటివాళ్ళు ఏమడిగారో అడగండి అని.

ఇప్పుడు మునిమనవడు గరివిడి స్టేషనులో దిగాడనుకుందాం. ఇటు శ్రీరామ్‌నగర్ ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ, అటు పశువైద్య కళాశాల. ముత్తాత ఎరిగినది ఏదీ కనబడదు. రైలుకట్ట కూడా 1890ల్లో వచ్చినదే. అంతకు ముందు వెళ్ళినవాడైతే రేవు దాకా కాళ్ళే ఆధారం. ఆ పక్కనే కోడూరులో 1892లో మాంగనీసు తవ్వడం మొదలుపెట్టారు. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది అక్కడే. రైలుకట్ట పనీ గని పనీ ఊరి గుమ్మంలోకి వచ్చిన ఆ పదేళ్ళలోనూ ఈ జిల్లా మనుషులు నెటాల్ ఓడలు ఎక్కుతూనే ఉన్నారు. 1896–97 కరువు కొంత కారణం. దాన్నొక్కదాన్నే కారణంగా చెప్పడం నాకు ఇష్టం లేదు. కరువు లేని ఏళ్ళలోనూ ఓడలు ఖాళీగా పోలేదు.

గరివిడిలో ముత్తాత అన్నదమ్ముల వంశం కోసం ఏ కాగితం అడగాలి? ఇక్కడే అసలు చిక్కు. మన జనాభా లెక్కలు 1871లో మొదలయ్యాయి. పుస్తకాలు అచ్చయ్యాయి: తాలూకాకు ఎంతమంది, ఏ కులం ఎంత, చదువు వచ్చినవాళ్ళు ఎందరు. ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసిన కాగితాలు మాత్రం మొత్తం కూడిక అయ్యాక పారేశారు. అమెరికావాళ్ళు 1890 ఒక్కటి పోయిందని ఇప్పటికీ ఏడుస్తారు. మనకు ఏడవడానికి ఏదీ మిగల్లేదు.

భూమి రికార్డు అడుగుదామా? రైతువారీ జిల్లాల్లో ప్రభుత్వమే రైతు పేర పట్టా రాసింది. కడపలోనో నెల్లూరులోనో అయితే సెటిల్‌మెంటు పుస్తకాల్లో ముత్తాత తండ్రి దొరకొచ్చు. ఇది విజయనగరం జమీందారీ. 1802 శాశ్వత శిస్తు తర్వాత ప్రభుత్వానికి తెలిసిన పేరు రాజాగారిది ఒక్కటే. ఆయన కట్టాల్సిన పేష్కషు అందితే చాలు, లోపల ఎవరు దున్నుతున్నారో సర్కారుకు అక్కర్లేదు. రాజాగారు ఊళ్ళను ముస్తాజర్లకు గుత్తకిచ్చేవారు. ముస్తాజరు రైతుల దగ్గర వసూలు చేసుకునేవాడు. రైతు పేరు ముస్తాజరు లెక్కల్లోనో కరణం కట్టలోనో ఉండాలి. కూలీ పేరైతే ఎక్కడా ఉండదు. జమీందారీ రైతుకు 1908 ఎస్టేట్ల భూమి చట్టం కొంత గుర్తింపు తెచ్చింది. ఇంటింటి రైతూ ప్రభుత్వ పుస్తకంలోకి నిండుగా ఎక్కింది జమీందారీలు 1948 చట్టంతో రద్దయి, సెటిల్‌మెంటు జరిగిన తర్వాతే. అప్పటికి ముత్తాత వెళ్ళి రెండు తరాలు దాటింది.

పుట్టుకలు, చావులు? పల్లెల్లో మునసబులు లెక్కలు పంపేవారు. నమోదు చట్టం మద్రాసు రాజధానికి 1899లో వచ్చింది. ముత్తాత పుట్టుక దానికి అందదు.

ఇక తెలుగునాట కులాల వంశాలు చదివే పిచ్చుకుంట్లవాళ్ళూ, భట్రాజులూ ఉండేవారు. గోత్రాలూ ఇంటిపేర్లూ వాళ్ళకు కంఠతా. కలిగిన ఇళ్ళ గుమ్మం ముందే వాళ్ళు ఎక్కువసేపు నిలబడ్డారన్నది వేరే చెప్పాలా? తీర్థాల్లో పండాల వహీలదీ అదే దారి. హరిద్వార్ పండాల దగ్గరున్న వంశావళి పుస్తకాలకు అమెరికాలోని యూటా వంశావళి సంఘం మైక్రోఫిల్ములు కూడా తీసింది. గరివిడి కూలీ హరిద్వార్ వెళ్ళి పేరు రాయించుకుని ఉంటాడని నేననుకోను.

ఈ వెతుకులాట అంతా చేసి చూస్తే తేలేది ఒకటే. గరివిడిలో ఉండిపోయిన అన్న గురించి పంతొమ్మిదో శతాబ్దం ఒక్క అక్షరం దాచలేదు. ఊరొదిలిన తమ్ముడికి తండ్రి పేరూ ఊరి పేరూ మోకాలి మచ్చతో సహా ఒక వరుస దక్కింది. ఉండిపోయినవాడు పన్ను కట్టాడు, పిల్లల్ని కన్నాడు, చచ్చిపోయాడు. అతని పేరు తెలియాలన్నా ఇవాళ తమ్ముడి వరుసలో ఉన్న తండ్రి పేరు నుంచే రావాలి. గరివిడి చుట్టుపక్కల కాపుశంభంలోనో కోడూరులోనో ఉన్న సాధారణ కుటుంబం తన పందొమ్మిదో శతాబ్దపు పెద్దల్ని తెలుసుకోవాలనుకుంటే, తమ ఇంటి నుంచి ఎవరో ఒకరు సముద్రం దాటి ఉండాలని కోరుకోవాలి.

అదీ ఏ సముద్రమైనా పనికిరాదు. ఊళ్ళల్లో అడిగితే ఎక్కువ మంది చెప్పే మాట, ‘రంగం ఎల్లిపోనాడు, మరి రానేదు’ అని. రంగం అంటే రంగూన్. నెటాల్‌కు, మారిషస్‌కు, ఫిజీకి వెళ్ళిన ఉత్తరాంధ్రవాళ్ళందరినీ కలిపినా బర్మాకు వెళ్ళినవాళ్ళ ముందు తక్కువే. బిమ్లీలోనో, కళింగపట్నంలోనో, విశాఖలోనో స్టీమరు ఎక్కి, డెక్కు మీద చోటు చూసుకుని, నాలుగు రోజుల్లో రంగూన్‌లో దిగేవారు. మేస్త్రీ ముందే అప్పిచ్చి కట్టేసుకునేవాడు. మేస్త్రీ కట్టిన అప్పుకు ప్రభుత్వ ఒప్పందం లేదు, నంబరు లేదు, ఊరి గడి లేదు. డెక్కు ప్రయాణికుడు కంపెనీ లెక్కలో ఒక టిక్కెట్టు. రంగూన్ రేవులో మూటలు మోసింది వాళ్ళే. 1930 మే నెలలో అక్కడి అల్లర్లలో దెబ్బలు తిన్నదీ వాళ్ళే. 1942లో అడవుల గుండా నడిచొచ్చినదీ వాళ్ళలో మిగిలినవాళ్ళే. వాళ్ళ మునిమనవలకు చూపించడానికి నా దగ్గర ఒక్క వరుస లేదు. నెటాల్ జాబితా మనిషిని పశువులా కొలిచిందని కోపం వచ్చినప్పుడల్లా నాకు రంగం గుర్తొస్తుంది, కోపం ఎటూ తేలకుండా పోతుంది.

మారిషస్ వెళ్ళిన కుటుంబమైతే ఇంకా అదృష్టం. కోరంగి, మద్రాసు రేవుల నుంచి తెలుగువాళ్ళు 1830ల నుంచే అక్కడికి వెళ్ళారు. 1860ల నుంచి అక్కడి అధికారులు కూలీలకు ఫొటోలు తీయించి రికార్డుల్లో పెట్టారు. మోకా అనే ఊళ్ళోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. పోర్ట్ లూయిస్‌లో వాళ్ళు దిగిన మెట్లు, అప్రవాసీ ఘాట్, 2006 నుంచే ప్రపంచ వారసత్వ కట్టడం. మన ముత్తాతకు ఫొటో లేదు. మోకాలి మచ్చతో సరిపెట్టుకోవాలి.

ముత్తాత తర్వాతి కాగితాలు నెటాల్‌లోనే వరుసగా దొరుకుతాయి. ఒప్పందం తీరి అక్కడే ఉండిపోతే విడుదల చీటీ. 1895 చట్టం కింద ఒప్పందం చేసుకున్నవాడైతే, కూలికి మళ్ళీ సంతకం పెట్టకుండా, తిరిగి ఇండియాకూ వెళ్ళకుండా ఉన్నందుకు తలకు ఏడాదికి మూడు పౌన్లు కట్టాలి. మొదటి ఏటి కూలి లెక్కన ఆరు నెలల కూలి అది. 1913లో గనులూ తోటలూ బందు పెట్టి మనవాళ్ళు జైళ్ళకు వెళ్ళింది దీని మీదే. 1914లో పోయింది. కట్టలేనివాళ్ళ మీద పెట్టిన కేసులు, శిక్షలు కూడా రికార్డే. కుటుంబాన్ని వెతికేవాడికి పన్ను, కోర్టు, జైలు దస్తరాలంత నమ్మకమైనవి వేరే ఉండవు. మనిషి కష్టాల్లో పడినప్పుడే సర్కారు అతని పేరు జాగ్రత్తగా రాస్తుంది.

గరివిడి వైపు ఒక దారి ఉంది, పొడుగుదే గాని మూసుకుపోలేదు. తహసీల్దారు కచేరీలో 1950ల సెటిల్‌మెంటు ఫారాల్లో ఇంటిపేర్లున్నాయి. డర్బన్ ముసలమ్మ చెప్పిన ఇంటిపేరు అక్కడ కనిపిస్తే, ఆ పేరున్న ఇళ్ళలో తాతల పేర్లు అడగాలి. పైడయ్య, అప్పలస్వామి మన ఊళ్ళల్లో తాత నుంచి మనవడికి తిరిగొస్తూనే ఉంటాయి. మూడో తరంలో అవే పేర్లు అదే వరుసలో తేలితే నూటికి నూరుపాళ్ళూ అని చెప్పలేం. అన్నం పెట్టి బంధువని పిలవడానికి మాత్రం సరిపోతుంది.

ఇంతసేపూ ముత్తాత గురించే మాట్లాడాను. జాబితాలో అతని కింద మూడు వరుసల తర్వాత ముత్తవ్వ ఉంది. ఓడ ఎక్కేటప్పటికి ఆమె అతని భార్య కాదు. ప్రతి వంద మంది మగవాళ్ళకు నలభై మంది ఆడవాళ్ళుండాలని నిబంధన. అందుకని మద్రాసు డిపోలో, ఓడ మీద ఎన్నో జంటలు ఏర్పడ్డాయి. దాని వల్ల జరిగిన మేలు ఒకటే: ఆడమనిషికి తన సొంత వరుస, తన సొంత నంబరు, తన తండ్రి పేరు, తన ఊరు దక్కాయి. మన వంశవృక్షాల్లో ఆడవాళ్ళు సాధారణంగా ఫలానా వారి భార్య అనే మాటతో ఆగిపోతారు. ఇక్కడ ఆమె వైపు నుంచి కూడా నాలుగు తరాలు వెనక్కి నడవొచ్చు. ఆమె తండ్రి పేరు కూర్మయ్య అని ఉంది, జిల్లా గంజాం. కాబట్టి వచ్చే సంచికలో నాగావళి దాటి శ్రీకూర్మం వైపు వెళ్ళాలి. 1888–89లో గంజాంలో వచ్చిన కరువు సంగతి అక్కడ చెబుతాను.

(సశేషం)